డాలస్‌లో ఇల్లు కొనేవారికి: ఇన్‌స్పెక్టరును ఎంచుకోవడం, రిపోర్టును చదవడం

డాలస్ ఉత్తర శివార్లలోని ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా ప్రాంతాల్లో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు తూర్పు ముఖం ఉన్న స్థలం కోసం నెలల తరబడి ఎదురుచూస్తాయి, దానికి బిల్డరు అడిగిన అదనపు సొమ్మునూ చెల్లిస్తాయి, ఈశాన్యం పెరిగిందో తగ్గిందో చెప్పమని ఊళ్లో ఉన్న సిద్ధాంతిగారికి ప్లాను పంపిస్తాయి. అదే ఇంటి ఫౌండేషన్‌ను, పైకప్పును, కరెంటు ప్యానెల్‌ను పరీక్షించే మనిషి విషయానికి వచ్చేసరికి మాత్రం ఏజెంటు వాట్సాప్‌లో పంపిన మొదటి పేరుతోనే సరిపెట్టుకుంటాయి. వాస్తు చూసుకోవడం మీద నాకు ఆక్షేపణ లేదు, మా ఇంటికీ చూపించుకున్నాం. కానీ ఈ కొనుగోలు మొత్తంలో కేవలం మన తరఫున, మన డబ్బుతో, ఇంటిలోని లోపాలు వెతకడానికే వచ్చే వ్యక్తి ఇన్‌స్పెక్టరు ఒక్కడే కాబట్టి అతన్ని మనమే వెతుక్కోవాలని, అతను పనిచేస్తున్నంతసేపూ పక్కనే ఉండాలని నా అభిప్రాయం.

ముందు గడువు సంగతి. టెక్సస్‌లో పాత ఇల్లు కొనేటప్పుడు వాడే ప్రామాణిక ఒప్పందంలో ఆప్షన్ పీరియడ్ అనే వెసులుబాటు ఉంటుంది. కొన్ని వందల డాలర్ల ఆప్షన్ ఫీజు చెల్లించి, ఇరుపక్షాలూ ఒప్పుకున్న కొద్ది రోజుల లోపల, ఏ కారణమూ చెప్పకుండానే ఒప్పందం రద్దు చేసుకునే హక్కును కొనుగోలుదారు పొందుతాడు. రద్దు చేసుకుంటే ఆ ఫీజు తిరిగి రాదు గానీ, ఒప్పందం సమయంలో కట్టిన బయానా, అంటే ఎర్నెస్ట్ మనీ, తిరిగి వస్తుంది. శని, ఆదివారాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి, చివరి రోజు సాయంత్రం 5 గంటలకు గడువు ముగుస్తుంది. ఇన్‌స్పెక్షన్, రిపోర్టు, అవసరమైతే ప్లంబర్‌నో స్ట్రక్చరల్ ఇంజనీరునో పిలిపించడం, అమ్మేవారితో బేరం, ఇవన్నీ ఆ లోపలే జరగాలి. అందుకే ఇల్లు చూడడం మొదలుపెట్టిన రోజుల్లోనే ఇన్‌స్పెక్టరును వెతికి పెట్టుకోవాలి, సంతకాలయ్యాక వెతికితే ఖాళీగా ఉన్నవాడే దొరుకుతాడు.

ఏజెంటు మోసం చేస్తాడని నేను అనడం లేదు. అయితే బేరం కుదిరితేనే అతనికి కమీషన్ వస్తుంది, బేరాలు చెడగొడతాడని పేరు పడిన ఇన్‌స్పెక్టరును పదేపదే సిఫారసు చేసే ఏజెంటు అరుదు. టెక్సస్‌లో ఇన్‌స్పెక్టర్లకు లైసెన్సు ఇచ్చేది టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్. లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో, ఆ వ్యక్తిపై క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయో ఆ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. దానితో పాటు అతను ఇటీవల రాసిన రిపోర్టు ఒకటి నమూనాగా పంపమని అడగాలి. ప్రతి లోపానికీ ఫోటో, అది ఎక్కడ ఉందో, ఎందుకు ముఖ్యమో రాశాడా, లేక ఎక్కడ చూసినా 'నిపుణులను సంప్రదించండి' అని తప్పించుకున్నాడా అన్నది రెండు పేజీలు తిరగేస్తేనే తెలిసిపోతుంది. కప్పు ఎక్కుతారా, డ్రోనుతో చూస్తారా, అటిక్ (సీలింగుకూ పైకప్పుకూ మధ్య ఉండే ఖాళీ) లోపలికి వెళతారా, మేము వెంట ఉండవచ్చా అని కూడా అడగాలి. చివరి ప్రశ్నకు ముఖం చిట్లించేవాడు మనకు పనికిరాడు. ఫీజులో యాభై, వంద డాలర్ల తేడా కోసం బేరమాడడం నాకైతే అర్థంలేని పని.

ఇక ఈ ప్రాంతంలో అన్నింటికంటే ముఖ్యమైనది నేల. డాలస్ చుట్టుపక్కల చాలాభాగం బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అనే నల్లమట్టి మైదానం. నంద్యాల వైపు గానీ, ఆదిలాబాదు వైపు గానీ నల్లరేగడి చేలు చూసినవారికి దీని స్వభావం వేరే చెప్పనక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. నేలల వర్గీకరణలో ఈ రెండూ వర్టిసోల్ అనే ఒకే తరగతికి చెందినవే. ఇక్కడి ఇళ్లు ఎక్కువగా ఆ నేల మీద పరచిన కాంక్రీటు శ్లాబుపై నిలబడతాయి కనుక, నేల ఒకవైపు ఉబ్బి మరోవైపు కుంగితే ఆ కదలిక గోడల మీదికి వస్తుంది. కిటికీ మూల నుంచి ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగా పాకిన పగులును, ఒక పక్క ఆనుకుని మరో పక్క సందు వదిలే తలుపులను, ఒకే గదిలో ఒక మూల నుంచి మరో మూలకు జారిన నేలమట్టాన్ని కలిపి చూస్తేనే అనుభవమున్న ఇన్‌స్పెక్టరు ఫౌండేషన్ గురించి ఒక అభిప్రాయానికి వస్తాడు. శ్లాబు మూలల్లో చిన్న ముక్క ఊడిపోవడం ఇక్కడ చాలా ఇళ్లలో కనిపించేదే, దానికి బెంబేలు పడనక్కర్లేదు. మెట్లు మెట్లుగా పాకిన ఆ పగులుతో పాటు తలుపు కూడా బిగుసుకుంటోందంటే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరును విడిగా పిలిపించాల్సిందే.

ఇంటి చుట్టూ నీటి వాలు కూడా దీనితో ముడిపడిన విషయమే. గోడ నుంచి 10 అడుగుల దూరంలో నేల కనీసం 6 అంగుళాలు దిగాలన్నది సాధారణంగా పాటించే ప్రమాణం. పైకప్పు నీళ్లు దిగే గొట్టం సరిగ్గా గోడ మొదట్లోనే ముగిసిపోవడం, ఇటుక గోడ అడుగున తేమ బయటికి పోవడానికి వదిలిన సన్నని ఖాళీలను మొక్కల కోసం పోసిన మట్టి కప్పేయడం, ఇటువంటివి చూడడానికి చిల్లరగా ఉన్నా ఫౌండేషన్ ఖర్చుల మొదలు తరచుగా అక్కడే ఉంటుంది.

మిగిలినవాటిలో పైకప్పు, ఏసీ రెండూ పెద్ద ఖర్చులు. వడగళ్ల వానలు మామూలైన ఈ ప్రాంతంలో కప్పు వయసు, దెబ్బలు తెలియకుండా ఇంటి బీమా కుదరదు కాబట్టి, రిపోర్టులో ఆ భాగాన్ని బీమా ఏజెంటుకు గడువులోపలే చూపించడం మంచిది. ఏసీ విషయంలో, అది లోపలికి పీల్చే గాలికీ గదుల్లోకి వదిలే చల్లగాలికీ మధ్య 15 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉండాలని చూస్తారు. అటిక్‌లో ఏసీ కింద పెట్టిన రేకు పళ్లెంలో తుప్పు చారలు ఉంటే, అసలు డ్రెయిన్ గొట్టం ఎప్పుడో మూసుకుపోయి నీళ్లు పొంగాయన్నమాట. ఆ పళ్లేనికి సరిగ్గా కింద ఉండేది సాధారణంగా ఏదో ఒక పడకగది సీలింగే.

అయితే ఈ పరీక్షకు హద్దులున్నాయి. ఇన్‌స్పెక్టరు గోడలు పగలగొట్టడు, సామాన్లు జరపడు, భూమిలోని మురుగునీటి గొట్టం చూడడు. ఆ గొట్టంలోకి కెమెరా పంపించడం, ఈత కొలను, చెదల పరీక్ష వంటివి విడిగా అడిగి, విడిగా చెల్లించవలసినవి. చెదల రిపోర్టు రాయడానికి టెక్సస్ వ్యవసాయ శాఖ ఇచ్చే లైసెన్సు వేరుగా కావాలి. పాత ఇంటికి, ముఖ్యంగా పెరట్లో పెద్ద చెట్లు ఉన్న ఇంటికి, మురుగు గొట్టంలో కెమెరా పంపించడాన్ని నేను తప్పనిసరి అంటాను. ఇంకొక మాట. చాలామంది ఇన్‌స్పెక్టర్లు మనతో చేసుకునే ఒప్పందంలో, ఏదైనా లోపం తమ కంటబడకపోతే తమ బాధ్యత తీసుకున్న ఫీజు వరకేనని రాసుకుంటారు. అది చదివే సంతకం పెట్టాలి.

రిపోర్టు వచ్చిన రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు: "అన్నయ్యా, ఎక్కడ చూసినా లోపమనే గుర్తే ఉంది, ఈ ఇల్లు వదిలేయమంటావా?" అందులో సగానికి పైగా సందులు మూయడానికి పూసే కాక్ ఊడిపోవడం, బిగుసుకున్న కిటికీ గొళ్లెం, గ్యారేజీలో పనిచేయని ఒక ప్లగ్ వంటివి. టెక్సస్ ఇన్‌స్పెక్టర్లు రియల్ ఎస్టేట్ కమిషన్ నిర్ణయించిన నమూనాలోనే రాయాలి. ప్రతి అంశం పక్కనా పరిశీలించినది, పరిశీలించనిది, ఇంట్లో లేనిది, లోపమున్నది అని నాలుగు గళ్లుంటాయి. ఇల్లు కట్టిన నాటి నిబంధనల ప్రకారం సక్రమమే అయినా, నేటి భద్రతా ప్రమాణానికి తగ్గితే లోపం గడిలోకే వెళుతుంది కనుక, పదిహేనేళ్లు దాటిన ఏ ఇంటి రిపోర్టైనా నిండుగానే కనిపిస్తుంది. మా తమ్ముడు అసలు చూడని గడి 'పరిశీలించనిది'. అటిక్‌లో ఒక భాగానికి దారి లేనందున చూడలేదని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఆ భాగం కింద ఉన్నది స్నానాల గది. మర్నాడే మాట్లాడి ఆ దారికి అడ్డంగా ఉన్న పెట్టెలు తీయించి మళ్లీ చూపించుకున్నాడు.

బేరానికి కూర్చున్నప్పుడు చిల్లర లోపాలన్నీ జాబితా కట్టి పంపితే అమ్మేవారికి విసుగు పుడుతుంది, అసలైనవి వాటి మధ్య మరుగున పడతాయి. ఫౌండేషన్, కప్పు, నీటి లీకులు, కరెంటు ప్యానెల్, ఏసీ, వీటిలో తేలినవాటికి కాంట్రాక్టరు రాసిచ్చిన అంచనా జతచేసి, ధర తగ్గింపు గానీ క్లోజింగ్‌లో, అంటే డబ్బు కట్టి ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడు, సర్దుబాటు గానీ అడగాలి. మీరే బాగుచేయించండి అంటే, ఇల్లు వదిలి వెళ్లిపోయే మనిషి చవకలో దొరికినవాడితోనే చేయిస్తాడు.

కొత్త ఇంటికి ఇన్‌స్పెక్షన్ దేనికి, సిటీ వాళ్లు చూస్తారు కదా అనే మాట మనవాళ్లలో తరచుగా వింటాను. నగరపాలక సంస్థ ఇన్‌స్పెక్టరు కనీస నిబంధనలు పాటించారో లేదో చూస్తాడు, పనితనం నాణ్యతకు పూచీ పడడు. సొంత ఇన్‌స్పెక్టరును కాంక్రీటు పోయకముందు, గోడల లోపలి భాగాన్ని కప్పే షీట్‌రాక్ పలకలు కొట్టకముందు, తాళాలు తీసుకోకముందు మూడుసార్లు పంపించాలి. వీటిలో రెండోది నా దృష్టిలో చాలా విలువైనది. మా ఇంటికి ఆ దశలో వచ్చినప్పుడు, నీళ్ల గొట్టం కోసం ప్లంబరు చెక్కను అంచు దగ్గరగా తొలిచి వదిలేసిన చోటును ఇన్‌స్పెక్టరు వేలితో తడిమి చూపించాడు. అక్కడ ఉక్కు పలక బిగించకపోతే, రేపు దేవుడి పటానికి కొట్టే మేకు నేరుగా గొట్టంలోకే దిగుతుంది. షీట్‌రాక్ కప్పేశాక అది ఎవరికీ కనబడేది కాదు. బిల్డర్ల ఒప్పందాలు వారు సొంతంగా రాసుకున్నవి కనుక వాటిలో ఆప్షన్ పీరియడ్ ఉంటుందన్న భరోసా లేదు. బయటి ఇన్‌స్పెక్టరును ఏ దశలో, ఎలాంటి బీమా పత్రాలతో రానిస్తారో సంతకానికి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించి, బంధువులకు టికెట్లు కొని, ఆ తర్వాత చివరి తనిఖీకి వెళ్లేవారు బిల్డరు ఏం చెబితే దానికి తలూపక తప్పదు.

కొత్త ఇంటి వారంటీ సాధారణంగా పనితనానికి 1 సంవత్సరం, ప్లంబింగ్, కరెంటు వంటి వ్యవస్థలకు 2 సంవత్సరాలు, నిర్మాణానికి అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది. మొదటి సంవత్సరం ముగిసేలోపు, పదకొండో నెలలో, ఇన్‌స్పెక్టరును మరొక్కసారి పిలిపించి, తేలినవన్నీ బిల్డరు పోర్టల్‌లో ఫోటోలతో నమోదు చేసి కాపీ దాచుకోవాలి. ఈ లెక్క చాలా ఒప్పందాల్లో క్లోజింగ్ తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి, ఆషాఢంలో తాళాలు తీసుకుని శ్రావణంలో పాలు పొంగించేవారు పదకొండో నెలను తాళాలు తీసుకున్న రోజు నుంచే లెక్కపెట్టుకోవాలి.