చలేస్తే ఏసీ ఆపకండి, వేడి పెంచండి

కొత్తగా కారు కొన్నవాళ్ళకు తరచూ వచ్చే అనుమానం ఇది. చాలా కార్లలో గాలి నాబ్‌ను ముందద్దం బొమ్మ మీదికి తిప్పితే చాలు, చెప్పకుండానే ఏసీ ఆన్ అవుతుంది. వేడి పూర్తిగా ఎర్ర గీత దాకా పెట్టి ఉన్నా సరే, ఏసీ గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు, అంటే కంప్రెసర్, తిరుగుతూనే ఉంటుంది. కొన్ని కార్లలో ఏసీ లైటు కూడా వెలగదు, అయినా లోపల అది నడుస్తూనే ఉంటుంది. వేడి గాలి కావాలంటే చల్లటి గాలి మిషన్ ఎందుకు? పెట్రోలు దండగ కాదా? రెండూ ఒకేసారి వేస్తే ఏదో ఒకటి పాడవదా?

పాడవదు. అవి అలా కలిసి పనిచేయడానికే చేసినవి. కారు ఏసీకి రెండు పనులున్నాయి: గాలిని చల్లబరచడం ఒకటి, గాలిలో తేమ తీసేయడం ఇంకొకటి. మే నెలలో మనకు మొదటి పని కావాలి. జూలై వానలో రెండోది కావాలి. చిక్కల్లా ఏమిటంటే, చల్లబరచకుండా తేమ తీయడం దానికి చేతకాదు. అందుకే గాలిని ముందు చల్లార్చి, నీళ్ళు పిండేసి, తర్వాత హీటర్‌తో మళ్ళీ వెచ్చబెట్టాలి.

డాష్‌బోర్డు వెనక పెద్ద నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. బ్లోవర్ అనే ఫ్యాన్ లాగిన గాలి ముందుగా ఏసీ ఫిల్టర్ గుండా, ఆ తర్వాత మెకానిక్కులు కూలింగ్ కాయిల్ అని పిలిచే ఎవాపరేటర్ గుండా వెళ్తుంది. మీరు ఏసీ వేసినా వేయకపోయినా గాలికి దారి అదే. కాయిల్ దాటాక ఒక ఫ్లాప్ ఉంటుంది. వేడి నాబ్ తిప్పితే కదిలేది ఆ ఫ్లాపే. అది గాలిలో కొంత భాగాన్నో మొత్తాన్నో హీటర్ కోర్ మీదికి మళ్ళిస్తుంది. హీటర్ కోర్ అంటే చిన్న రేడియేటర్ లాంటిది. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, 85, 90 డిగ్రీల వేడితో ఇంజన్ నుంచి వచ్చి అందులో తిరుగుతుంది. అంటే ఏసీ, హీటర్ ఒకదానికొకటి పోటీ కాదు, ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి ఉన్న రెండు మజిలీలు.

ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసా బల్ల మీద పెడితే నిమిషంలో చెమటలు పడుతుంది కదా, కాయిల్ మీద జరిగేదీ అదే. కాయిల్ రేకుల మధ్య ఉష్ణోగ్రత 3 నుంచి 10 డిగ్రీల దాకా ఉంటుంది. తేమ గాలి తగలగానే నీళ్ళు బొట్లుగా కారి, కింద ట్రేలో పడి, సన్నటి డ్రెయిన్ పైపు ద్వారా కారు కిందికి పోతాయి. హీటర్ వేసుకుని వెళ్ళొచ్చాక కారు కింద మంచినీళ్ళ చుక్కలు కనిపిస్తే కంగారు పడొద్దు. పని సరిగ్గా జరిగిందన్నమాట.

లెక్క వేసి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. వాన రాత్రి బయట 22 డిగ్రీలు, 95 శాతం తేమ అనుకోండి. ఒక ఘనపు మీటరు గాలిలో 18 గ్రాముల పైన నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని ఏసీ లేకుండా 30 డిగ్రీలకు వేడి చేసి అద్దం మీదికి కొడితే దాని తేమ 60 శాతం దగ్గర ఉంటుంది. అదే గాలిని కాయిల్ మీద 10 డిగ్రీలకు చల్లార్చితే 9 గ్రాముల పైచిలుకే మిగులుతుంది. అప్పుడు 30కి వేడి చేస్తే 30 శాతం తేమే. రెండూ చేతికి ఒకేలా వెచ్చగా తగులుతాయి. అద్దం మీది తడిని మాత్రం రెండోది చాలా వేగంగా పీల్చేస్తుంది. బ్లోవర్ నిమిషానికి 3 ఘనపు మీటర్ల గాలి కొడుతోందనుకున్నా, నిమిషానికి 27 గ్రాముల నీళ్ళు కారు బయటికి పోతాయి. లోపల కూర్చున్న మనిషి ఊపిరి, చెమట కలిసి గంటకు సుమారు 40, 50 గ్రాముల తేమ వదులుతాడు. నలుగురు మనుషులు, తడిసిన చెప్పులు, డిక్కీలో తడి గొడుగు అన్నీ కలిపినా ఏసీ ముందు నిలవలేవు.

ఇప్పుడు మన దగ్గర రోజూ జరిగే పొరపాటు. రాత్రి వానలో ఏసీ వేసుకుని వెళ్తుంటారు. కాసేపటికి వెనక సీట్లో పిల్లలకు చలేస్తుంది. ఏసీ బటన్ నొక్కి ఆపేస్తారు. అర నిమిషం తిరక్కుండానే ముందద్దం తెల్లబారిపోతుంది. కారణం కాయిలే: అప్పటిదాకా దాని రేకులకు పట్టి ఉన్న నీళ్ళు, చల్లదనం ఆగగానే తిరిగి ఆవిరై, బ్లోవర్ గాలితో కలిసి నేరుగా క్యాబిన్‌లోకి వస్తాయి. గుడ్డ పెట్టి తుడిస్తే గీతలు మిగులుతాయి, ఎదురొచ్చే లారీ లైటు ఆ గీతల మీద పడితే రోడ్డే కనపడదు. నా మాట వినండి, చలేసినప్పుడు ఏసీ బటన్ జోలికి పోవద్దు. వేడి నాబ్‌ను నీలం నుంచి మధ్యకు, అవసరమైతే ఇంకాస్త ఎరుపు వైపుకు తిప్పండి. గాలి వెచ్చబడుతుంది, అద్దం తేటగానే ఉంటుంది.

పెట్రోలు సంగతి. హీటర్ వేడి ఉచితం; రేడియేటర్ ఎలాగూ బయట పారేసే వేడే అది. కంప్రెసర్‌కు ఖర్చవుతుంది, కాని చల్లటి వాతావరణంలో దాని మీద భారం మే నెలలో కంటే చాలా తక్కువ. కాయిల్ గడ్డకట్టకుండా చూసే సెన్సర్ కంప్రెసర్‌ను మధ్యమధ్యలో ఆపుతుంటుంది కూడా. ఇంకో మాట: మామూలు నాబ్ ఏసీల్లో వేడిని మధ్యలో పెట్టినంత మాత్రాన పెట్రోలు మిగలదు. కాయిల్ ఎప్పటిలాగే చల్లబడుతుంది, ఫ్లాప్ వేడి గాలిని కలుపుతుందంతే.

అద్దం ఇప్పటికే మసకబారి ఉంటే ఇలా చేయండి. గాలి నాబ్ ముందద్దం మీదికి, బ్లోవర్ మూడో నాలుగో నంబరు, ఏసీ ఆన్, వేడి ఎరుపు దాకా. అన్నిటికంటే ముఖ్యం, కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగే బటన్ ఆపి బయటి గాలి రానివ్వాలి. దుమ్ము భయంతో దాన్ని ఏడాదంతా నొక్కే ఉంచేవాళ్ళు మనలో చాలామంది. దాంతో మన ఊపిరి మన అద్దానికే పడుతుంది. ఇంజన్ ఇంకా చల్లగా ఉంటే మొదటి ఐదు నిమిషాలు గాలి వెచ్చగా రాదు, ఏసీ ఆరబెట్టిన గాలి మాత్రం ముందే పని మొదలుపెడుతుంది. మసక తొందరగా పోవాలంటే రెండు వైపులా కిటికీలు వేలెడు దించండి. వెనకద్దానికి మాత్రం ఈ తంతుతో పని లేదు, దాని బటన్ వేరు. అద్దంలోని సన్నటి వైర్లు కరెంటుతో వేడెక్కుతాయి, చాలా కార్లలో పది పదిహేను నిమిషాలకు అదే ఆగిపోతుంది. ఆ అద్దాన్ని వైర్ల వెంబడి అడ్డంగానే తుడవండి, నిలువుగా రుద్దితే వైర్లు తెగుతాయి.

సముద్ర తీరం వాళ్ళకు దీనికి తలకిందులైన అనుభవం ఎదురవుతుంది. విశాఖలోనో కాకినాడలోనో జూలై రాత్రి గాలి ఎంత తడిగా ఉంటుందంటే, అద్దం 24, 25 డిగ్రీలకు చల్లబడ్డా చాలు, బయటి వైపు నీరు పట్టేస్తుంది. ఏసీ చల్లగాలి అద్దానికి తగులుతుంటే అద్దం కచ్చితంగా అంత చల్లబడుతుంది. ఇది గుర్తుపట్టడం తేలిక: ఒక్కసారి వైపర్ వేయండి. పోతే బయటిది, పోకపోతే లోపలిది. బయటిదైతే గాలిని అద్దం మీంచి ముఖం మీదికో కాళ్ళ మీదికో మళ్ళించి, వేడి కొంచెం పెంచండి. భయపడి చల్లదనం ఇంకా పెంచారో, మసక ఇంకా చిక్కబడుతుంది.

లంబసింగిలోనో అరకులోనో డిసెంబరు తెల్లవారుజామున సంగతి వేరు. బయట 5 డిగ్రీలుంటే, పొగమంచులో ఉన్నా ఆ గాలిలో నిజంగా ఉండే ఆవిరి ఘనపు మీటరుకు 7 గ్రాముల లోపే. వేడి చేస్తే అదే పొడిగాలి. అక్కడ బయటి గాలి, హీటర్ ఉంటే చాలావరకు సరిపోతుంది. న్యూజెర్సీలోనో టొరంటోలోనో ఉన్న మనవాళ్ళకు చలికాలంలో ఏసీ లైటు వెలిగినా, బయట సున్నా దగ్గరికొచ్చేసరికి చాలా కార్లలో కంప్రెసర్ అసలు తిరగదు. అంత చలికి గ్యాస్ ప్రెషర్ పడిపోతుంది, కాయిల్ మంచుకడుతుంది కాబట్టి కంట్రోలర్ దాన్ని ఆపేస్తుంది. మైనస్ 5 గాలిని 25కి వేడి చేస్తే తేమ 15 శాతం లోపే, ఆరబెట్టాల్సిందేమీ మిగలదు. చలిదేశాల్లో కంటే మన వానాకాలంలోనే హీటర్‌కు ఏసీ తోడు ఎక్కువ అవసరం.

చల్లబరిచి మళ్ళీ వేడిచేసే ఈ పద్ధతి కొత్తది కాదు. 1954లో అమెరికా కంపెనీ నాష్ వాళ్ళ అంబాసడర్ కారులో హీటరూ ఏసీ ఒకే అమరికగా వచ్చాయి. 1964లో క్యాడిలాక్ కంఫర్ట్ కంట్రోల్ పేరుతో వేడి ఎంత కావాలో పెడితే మిగతాది అదే చూసుకునే ఏర్పాటు తెచ్చింది. ఇప్పుడు ఆటో అని రాసి ఉన్న బటన్ దాని వారసుడే. ఆటో ఉన్న కారైతే 24 దగ్గర పెట్టి వదిలేయండి, మనకంటే బాగా చూసుకుంటుంది.

అన్నీ సరిగ్గా పెట్టినా మసక పోవడం లేదంటే ఎక్కడో లోపముంది. ముందుగా కంప్రెసర్ పట్టుకుంటోందో లేదో చూడాలి. బండి ఐడ్లింగ్‌లో ఉంచి ఏసీ బటన్ నొక్కండి: క్లచ్ ఉన్న కంప్రెసరైతే టక్‌మని చప్పుడు, ఇంజన్ శబ్దంలో చిన్న మార్పు, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం కనిపించాలి. కొత్త కార్లు కొన్నింటిలో క్లచ్ ఉండదు, టక్ వినపడదు. అప్పుడు వేడి నీలంలో పెట్టి గాలి చల్లబడుతోందేమో చూసుకోవాలి. గ్యాస్ తగ్గితే ఎండాకాలంలో చల్లదనం తగ్గినట్టే వానాకాలంలో ఆరబెట్టే శక్తీ తగ్గుతుంది. గ్యాస్ పట్టించేటప్పుడు బానెట్ కింద స్టిక్కరు మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి పట్టించమని అడగండి. ఎక్కువైనా నష్టమే.

అద్దం మసకను తెల్లటి టిష్యూతో తుడిచి చూడండి. ఉత్త తడైతే నీళ్ళు. జిడ్డుగా అంటుకుని, తీపి వాసన వస్తే అది కూలెంట్: హీటర్ కోర్ కారుతోంది. ఎడమ వైపు కాళ్ళ దగ్గర కార్పెట్ తడి, బానెట్ కింద డబ్బాలో కూలెంట్ మట్టం తగ్గడం కూడా ఉంటే ఇక సందేహం లేదు. కార్పెట్ తడిగా ఉండి వాసన, జిడ్డు లేకపోతే డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉంటుంది. కారు కింద చుక్కలు పడటం ఆగిపోతుంది కూడా. దాన్ని శుభ్రం చేయించడం చిన్న పని. వదిలేస్తే ఆ తడి కార్పెటే రోజూ అద్దానికి ఆవిరి సరఫరా చేస్తుంది.

గాలి ఎంతకీ వేడెక్కకపోతే థర్మోస్టాట్, అంటే కూలెంట్ వేడిని అదుపులో ఉంచే వాల్వు, చూడండి. మనది వేడి ప్రాంతం, అది అక్కర్లేదని తీసి పక్కన పడేసే మెకానిక్కులున్నారు. ఇది తప్పు సలహా. అది లేకపోతే ఇంజన్ ఉండాల్సిన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, హీటర్ గోరువెచ్చగానే మిగులుతుంది, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది. తీసేసి ఉంటే మళ్ళీ పెట్టించండి. వేడి నాబ్ తిప్పినప్పుడు డాష్‌బోర్డు లోపల టకటకమని వినిపించి గాలిలో మార్పు రాకపోతే, ఫ్లాప్ తిప్పే చిన్న మోటారు పళ్ళు అరిగినట్టు.

ఏసీ ఫిల్టర్ సాధారణంగా గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. 10 వేల కిలోమీటర్లకోసారి తీసి చూడండి. దుమ్ముతో మూసుకుపోతే బ్లోవర్ ఎంత అరిచినా అద్దానికి గాలి చేరదు. అద్దం లోపలి వైపు నెలకోసారి శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. ఎండకు డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిర్లు అద్దం మీద కనపడని జిడ్డు పొరగా పేరుకుంటాయి, తేమ దాని మీద ఇంకా చిక్కగా పడుతుంది.

కాయిల్ నుంచి ముక్కిపోయిన వాసన రాకుండా ఇల్లు చేరడానికి మూడు నాలుగు నిమిషాల ముందు ఏసీ ఆపి, బ్లోవర్ ఒక్కటే నడపడం మంచి అలవాటే. కాయిల్ ఆరుతుంది. కాని ఆ ఆరే నీళ్ళు క్యాబిన్‌లోకే వస్తాయి కాబట్టి, వాన పడుతున్న రోజు ఆ పని రోడ్డు మీద చేయకండి. కారు ఇంటి ముందు ఆపి, కిటికీలు దించి, అప్పుడు చేయండి.