సిరక్యూస్ క్వారీల్లో ఒక మధ్యాహ్నం

సిరక్యూస్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది హైస్కూలు సైన్సు పాఠం. స్నానాల తొట్టి, పొంగిపొర్లిన నీళ్లు, "యురేకా" అని అరుస్తూ బట్టలు కూడా కట్టుకోకుండా వీధిలో పరిగెత్తిన ఆర్కిమెడిస్. నేనూ ఆయన కోసమే వెళ్లాను. ఇటలీ ట్రిప్పులో ఇంట్లో అందరూ రోమ్, వెనిస్ అంటుంటే పట్టుబట్టి రెండు రోజులు సిరక్యూస్ ఉన్న సిసిలీ దీవికి పెట్టించాను. తీరా తిరిగొచ్చాక రోజూ కళ్ల ముందు కదులుతున్నవి మాత్రం ఆ ఊరి రాళ్ల క్వారీలు. వాటి గురించి ఎవరికైనా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ముందు ఊరి గురించి కొంచెం. గ్రీసులోని కొరింథ్ నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు క్రీ.పూ. 734 ప్రాంతంలో ఇక్కడ కట్టుకున్న ఊరిది. మొదట దిగింది ఒర్టీజియా అనే చిన్న దీవిలో, ఇప్పుడు వంతెన దాటి నడిచి వెళ్లిపోవచ్చు. ఆ దీవిలో సముద్రానికి ఆనుకునే ఒక మంచినీటి ఊట ఉంది, అరెథూసా అంటారు, అందులో పాపిరస్ మొక్కలు ఏపుగా పెరిగి ఉంటాయి. దగ్గర్లోనే పెద్ద చర్చి. బయట నుంచి చూస్తే అన్ని చర్చిల్లాగే ఉంటుంది గానీ పక్క సందులోకి తిరిగితే గోడలోంచి లావుపాటి రాతి స్తంభాలు సగం బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అవి క్రీ.పూ. 5వ శతాబ్దంలో కట్టిన ఎథీనా గుడి స్తంభాలు. గుడిని కూలగొట్టకుండా స్తంభాల మధ్య ఖాళీల్లో గోడలు కట్టేసి చర్చి చేశారు. నేను ఒక స్తంభం మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను, ఎండకి రాయి వెచ్చగా ఉంది.

ఆ ఊరు కట్టడానికి కావలసిన సున్నపురాయంతా పక్కనున్న క్వారీల్లోంచి తవ్వారు. ఇప్పుడక్కడ నిమ్మ, నారింజ చెట్లు, చల్లటి నీడ, ఫొటోలు దిగే జనం. ఒక గుహ ఉంది, పేరు డయోనీసియస్ చెవి, దాదాపు 23 మీటర్ల ఎత్తు, 65 మీటర్ల లోతు. లోపల ఎవరో పిల్లవాడు చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడల వెంట పాక్కుంటూ పైకి వెళ్లింది. రాజు డయోనీసియస్ ఖైదీల మాటలు పైనుంచి చాటుగా వినేవాడని ఒక కథ చెబుతారు. నేను ఆ కథ సరిగ్గా వినలేదు, ఎందుకంటే నా మనసంతా ఆ రాజుకంటే ముందు ఈ క్వారీల్లో చచ్చిపోయిన ఏథెన్స్ వాళ్ల మీదే ఉంది.

క్రీ.పూ. 415లో ఏథెన్స్ ఈ ఊరిని పట్టుకోవాలని బయల్దేరింది. 134 యుద్ధనౌకలు. సేనాపతుల్లో ఒకడైన నికియాస్‌కి అసలు ఈ యుద్ధమే ఇష్టం లేదు, సభలో వద్దని వాదించాడు. ఎంత సైన్యం కావాలో పెద్ద లెక్క చెబితే భయపడి ఆగుతారనుకున్నాడు, వాళ్లేమో అడిగినంతా ఇచ్చి పంపించారు. రెండేళ్లు గడిచాయి. ఏథెన్స్‌కి శత్రువైన స్పార్టా నుంచి గిలిప్పస్ అనే సేనాపతి వచ్చి సిరక్యూస్‌ని నిలబెట్టాడు, ఏథెన్స్ నుంచి ఇంకో 73 నౌకలు వచ్చినా లాభం లేకపోయింది, క్యాంపులో జబ్బులు మొదలయ్యాయి. చివరికి వెళ్లిపోదామని అందరూ సిద్ధమైన రాత్రి, క్రీ.పూ. 413 ఆగస్టు 27న, నిండు చంద్రుడికి గ్రహణం పట్టింది.

జ్యోతిష్కులు మూడు తొమ్మిదులు, అంటే 27 రోజులు, కదలొద్దన్నారు. నికియాస్ కదలనన్నాడు. గ్రహణం విడిచేదాకా పొయ్యి వెలిగించని ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి ఆ భయం నాకు బాగా తెలుసు, కానీ అన్ని వేల ప్రాణాలు చేతిలో పెట్టుకుని ఆగడం మాత్రం ఎంత ఆలోచించినా మింగుడుపడదు. ఆ ఆలస్యంలో సిరక్యూస్ వాళ్లు రేవు ముఖద్వారానికి అడ్డంగా పడవలు నిలిపి గొలుసులు బిగించేశారు. ఓడలు పోయాయి, మిగిలిన దాదాపు 40 వేల మంది గాయపడినవాళ్లని వదిలేసి కాలినడకన బయల్దేరారు. వాళ్లు కాళ్లు పట్టుకుని ఏడుస్తుంటే విడిపించుకుని నడిచారు. దాహంతో ఒక నది దగ్గరికి చేరినప్పుడు ఒడ్డు మీది నుంచి శత్రువులు నరుకుతున్నా, నెత్తురూ బురదా కలిసిన ఆ నీళ్ల కోసం ఒకళ్లతో ఒకళ్లు కొట్టుకున్నారట. ఇదంతా రాసినవాడు ఏథెన్స్ మనిషే, తుసిడిడీస్, తన వాళ్ల ఓటమిని ఇంత వివరంగా రాయడానికి ఎంత గుండె కావాలో.

పట్టుబడ్డవాళ్లలో కనీసం 7 వేల మందిని ఈ క్వారీల్లోకి దించారు. పైకప్పు లేదు. పగలు ఎండ, రాత్రి చలి, చచ్చినవాళ్ల శవాలు బతికున్నవాళ్ల మధ్యే. మనిషికి రోజుకి సుమారు పావు లీటరు నీళ్లు, అర లీటరు గింజలు, అలా ఎనిమిది నెలలు. నా చేతిలో అప్పుడు సగం తాగిన నీళ్ల బాటిల్ ఉంది. అందులో మిగిలినవి వాళ్లకి ఒక రోజు నీళ్లు.

తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన ఒక మాట ఇక్కడ చెప్పాలి. సిసిలీ జనానికి ఏథెన్స్ నాటకకర్త యురిపిడీస్ పద్యాలంటే ప్రాణమట, కొత్తగా ఎవరొచ్చినా ఒక ముక్క వినిపించమని అడిగి నేర్చుకునేవాళ్లట. అలా ఆయన పద్యాలు గుర్తుండి చదివి వినిపించిన బందీలు కొందరికి విడుదల దొరికింది, పారిపోయి తిరుగుతున్నవాళ్లకి తిండీ నీళ్లూ దొరికాయి. వాళ్లు ఊరికి చేరాక యురిపిడీస్ ఇంటికి వెళ్లి చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పారట. ఆయన ఆ యుద్ధం మొదలైన ఏడాదే, యుద్ధంలో ఓడిపోయిన ఆడవాళ్ల ఏడుపు మీద నాటకం రాసినవాడు. తన పద్యం నోటికొచ్చినందుకు బతికానని ఒక మనిషి గుమ్మంలోకొచ్చి చెబితే ఎలా ఉండి ఉంటుందో!

ఇక నేను వెళ్లిన ఆర్కిమెడిస్ సంగతి. క్రీ.పూ. 213లో రోమన్ సేనాని మార్సెల్లస్ ఈ ఊరి మీదికి వచ్చినప్పుడు ఆయన డెబ్భై దాటిన ముసలివాడు. ఆయన యంత్రాలు గోడ మీంచి బండరాళ్లు విసిరేవి, ఓడ ముక్కుని పట్టి పైకెత్తి వదిలేసేవి. తర్వాత్తర్వాత గోడ మీద ఒక తాడో కర్రో కనిపించినా రోమన్లు పరిగెత్తేవాళ్లట. (అద్దాలతో ఓడలు కాల్చిన కథ మాత్రం ఈ యుద్ధం గురించి రాసిన పాతకాలపు రచయితలు పాలిబియస్, లివీ, ప్లూటార్క్ ముగ్గురూ రాయలేదు.) చివరికి క్రీ.పూ. 212లో, ఆర్టెమిస్ దేవత పండగ రోజు ఊరు తాగిన మత్తులో ఉండగా రోమన్లు నిచ్చెనలు వేసుకుని గోడ ఎక్కారు. ఆయన్ని చంపొద్దని మార్సెల్లస్ చెప్పినా ఒక సైనికుడు చంపేశాడు.

137 ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 75లో, సిసిలీలో ఉద్యోగం చేస్తున్న రోమన్ వక్త సిసెరో ఆర్కిమెడిస్ సమాధి ఎక్కడని అడిగితే ఊళ్లోవాళ్లు అలాంటిదేమీ లేదన్నారు. సిసెరో ఊరుకోలేదు. శ్మశానంలో వెతుకుతుంటే ముళ్లపొదల పైన ఒక చిన్న స్తంభం తల కనిపించింది, దాని మీద గోళం, స్తూపం (సిలిండర్) బొమ్మలు. గోళం ఘనపరిమాణం దాన్ని చుట్టిన స్తూపంలో మూడింట రెండు వంతులని తేల్చింది ఆర్కిమెడిసే, సమాధి మీద ఆ బొమ్మే పెట్టమని అడిగింది కూడా ఆయనే. కొడవళ్లతో మనుషుల్ని పంపి పొదలు కొట్టించి చూస్తే, కింద చెక్కిన పద్యంలో లైన్ల చివరి సగాలు అరిగిపోయి ఉన్నాయి.

ఆ సమాధి మళ్లీ కనపడకుండా పోయింది. క్వారీల దగ్గర ఆర్కిమెడిస్ సమాధి అని ఒకటి చూపిస్తారు గానీ అది రోమన్ల కాలం నాటి వేరే కట్టడం. నేను కంచె బయట నుంచి దాన్ని చూసి, బస్సుకి ఇంకా టైముందని మళ్లీ క్వారీలోకి వెళ్లాను. నిమ్మచెట్ల కింద ఒకావిడ మనవరాలికి నీళ్లు తాగిస్తోంది.