స్కానింగ్‌లో కనపడని నొప్పి

"నెలసరి నొప్పి ఎవరికుండదు?" ఈ మాట ఇంట్లో విన్నాను, ఆఫీసులో విన్నాను, చివరికి డాక్టర్ల దగ్గరా విన్నాను. స్కానింగ్ తీసిన ప్రతిసారీ నార్మలే. నాకేమో నెలసరికి ముందే నడుము పట్టేసేది, పొత్తికడుపు నుంచి తొడల దాకా లాగేది. మాత్ర వేసుకుని సీట్లో కూర్చున్నా ఎదురుగా ఏముందో కళ్లకు ఆనేది కాదు.

ఒక గైనకాలజిస్ట్ మాత్రం నా ఫైలు పక్కన పెట్టి అడిగారు: "పీరియడ్స్ టైములో మోషన్‌కి వెళ్తే నొప్పి పుడుతుందామ్మా? భర్తతో కలిసినప్పుడు?" రెండూ ఉన్నాయి. అంతకుముందు ఎవరూ అడగలేదు. అడక్కుండా చెప్పుకునే సంగతులా అవి!

ఎండోమెట్రియోసిస్ అని ఆవిడ అనుమానం. గర్భసంచి లోపలి పొరలాంటిదే సంచి బయట, అండాశయాల మీదో పేగుల దగ్గరో పెరుగుతుంది. నెలనెలా హార్మోన్లకు అదీ వాస్తుంది, చుట్టుపక్కల అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పైపైన ఉన్న మచ్చలు మామూలు స్కానింగ్‌కి దొరకవు. పిల్లల్ని కనే వయసులో సుమారు పదిమందిలో ఒకరికి ఉండే జబ్బిది. అయినా దాని పేరు నా చెవిన పడటానికి ఇన్నేళ్లు పట్టిందంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈలోగా సీఏ-125 అనే రక్తపరీక్షలో, మామూలుగా 35 లోపు ఉండాల్సిన అంకె అది దాటింది. ఫోన్లో వెతికితే అన్నీ క్యాన్సర్ మాటలే. ఆ రాత్రి మా ఆయనా నేనూ నిద్రపోలేదు. "ఎండోమెట్రియోసిస్‌లోనూ అది పెరుగుతుంది, నెలసరి రోజుల్లో కూడా పెరగొచ్చు. దాన్నొక్కదాన్నే చూసి క్యాన్సర్ అనకూడదు" అన్నారు డాక్టరుగారు. ఎండోమెట్రియోసిస్ వేరు, గర్భసంచి పొరకు వచ్చే క్యాన్సర్ వేరట. ఎక్కువగా మెనోపాజ్ తర్వాత వస్తుంది, రక్తస్రావంతో బయటపడుతుంది, పొర ముక్క తీసి బయాప్సీ చేస్తే తేలుతుంది. ఇంటికొచ్చి అమ్మకు ముందు ఇదే చెప్పాను: నెలసరి ఆగిపోయాక ఒక్క చుక్క కనపడినా దాచుకోవద్దు, వెంటనే చూపించుకోవాలని.

నాకు ఎమ్మారైలో గర్భసంచి వెనక, పేగును ఆనుకుని గట్టిపడిన చోటు కనిపించింది. మందులతో లొంగకపోయేసరికి లాపరోస్కోపీ, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్, చేసి తీసేశారు. బయాప్సీలో ఎండోమెట్రియోసిస్ అని ఖాయమైంది, క్యాన్సర్ లేదు. విచిత్రమేమిటంటే, ఆపరేషన్ తర్వాత కుట్ల కన్నా భుజం ఎక్కువ బాధపెట్టింది. పొట్టలోకి పంపిన గ్యాస్ వల్ల అలా అవుతుందని, నాలుగడుగులు వేస్తుంటే తగ్గుతుందని నర్సమ్మ చెప్పింది. తగ్గింది కూడా.

ఇప్పుడు రోజూ డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. మొదట్లో ఎప్పుడు పడితే అప్పుడు మరకలు, ఊరికే చిరాకు. తర్వాత సర్దుకుంది. నొప్పి మొత్తం పోలేదు గానీ పని మానుకునేంత రావడం లేదు. పిల్లలు కావాలంటే ఈ మాత్ర ఆపాలి, ఆపితే జబ్బు మళ్లీ తిరగబెట్టొచ్చు. ఆ సంగతి మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.