స్పిరిట్ కలిపిన పెట్రోలు: మూడోసారి కూడా రెండు పొరలే

మళ్లీ ఆగిపోయింది. పాత కార్బురేటర్ ఇంజన్, పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ (అదే స్పిరిట్), నాలుగు నిమిషాలు. మూడు ప్రయత్నాలూ ఇంతే.

ఎంటీబీఈ (పెట్రోల్లో కలిపే ఒక ఈథర్) 15 శాతం మాత్రం పోయిన వారం ఏ గొడవా లేకుండా నడిచింది, మెయిన్ జెట్ (కార్బురేటర్లో ఇంధనం వచ్చే రంధ్రం) ఒక సైజు పెంచానంతే. (ఈథర్ అంటే స్టార్టింగ్ స్ప్రే గుర్తొస్తుంది గానీ, అందులోని డైఇథైల్ ఈథర్ నాక్ (ఇంజన్‌లో ఇంధనం అదుపు తప్పి మండి కొట్టుకునే చప్పుడు) పెంచుతుంది. ఎంటీబీఈ తగ్గిస్తుంది.)

ఇక స్పిరిట్ గోల. కలిపినప్పుడే కాస్త మసకగా ఉంది. బుడగలే అనుకుని ట్యాంకులో పోశాను, బుద్ధి తక్కువై. మిగిలిన దాంట్లో 100 మి.లీ. కొలజాడీలో రాత్రంతా ఉంచితే, పొద్దునకి అడుగున 7 మి.లీ. వేరే పొర. ఇంజన్ ముందు తాగేది ఆ అడుగుదే. కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అదే జెట్‌లోంచి నీళ్లు కలిసిన ఇథనాల్ వస్తే మిశ్రమం మరీ లీన్ (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ) అయిపోతుంది, ఆగక ఏం చేస్తుంది?

పెట్రోల్లోనే ముందుగా ఇథనాల్ ఉందేమో అని 90 మి.లీ.కి 10 మి.లీ. నీళ్లు పోసి కుదిపాను. ఇథనాల్ ఉంటే నీళ్లలోకి దిగి నీటి గీత పెరిగేది. అది 10 దగ్గరే నిలిచింది, అంటే లేదు. గాలి తేమా? మూత బిగించే ఉంచాను, అదీ కాదు.

మిగిలింది స్పిరిట్. లేబుల్ మీద 95 శాతం (ఘనపరిమాణంలో). 20 డిగ్రీల దగ్గర హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచేది) 0.811 చూపాలి, 0.82 చూపింది. అంటే దాదాపు 92.7 శాతమే. పైగా నీళ్లు 7.3 అనుకుంటే పొరపాటు. ఇథనాల్, నీళ్లు కలిస్తే మొత్తం కుంచించుకుపోతుంది కాబట్టి 100 మి.లీ.లో అసలు నీళ్లు 9 మి.లీ. దాకా ఉంటాయి. స్పిరిట్ పదో వంతు కాబట్టి మిశ్రమంలో నీళ్లు 0.9 శాతం! గది వేడిలో ఈ మిశ్రమం తట్టుకునేది దాదాపు 0.5 శాతం, చలికి ఇంకా తక్కువ. నిఖార్సైన 95 స్పిరిట్ అయినా 0.6 దగ్గరికి వస్తుంది. ఈ లెక్క ముందే వేసుంటే మూడు లీటర్లు మిగిలేవి.

మళ్లీ స్వేదనం చేసినా (మరిగించి ఆవిరిని చల్లార్చినా) నీళ్లు పూర్తిగా పోవు, బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. అందుకే 3ఏ జియోలైట్ (సన్న రంధ్రాలుండే ఖనిజం) గుళికలు వేసి నీళ్లు లాగేస్తాను. వాటి రంధ్రాల్లో నీటి అణువు పడుతుంది, ఇథనాల్ పట్టదు. అదీ కుదరకపోతే కాస్త టెర్షరీ బ్యూటనాల్ (ఇంకో ఆల్కహాల్) కలిపి చూడాలి, రెండు పొరల్నీ కలిపి ఉంచడానికి. ఈలోగా ట్యూబులన్నీ వైటాన్‌కి (ఇంధనాన్ని తట్టుకునే ఫ్లోరిన్ రబ్బరు) మార్చేస్తున్నా. మామూలు రబ్బరు మీద నాకు నమ్మకం లేదు. ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్లోకి ఇంధనాన్ని ఆపే సూది) మొన కూడా ఉబ్బినట్టే ఉంది, మైక్రోమీటర్ పెట్టి చూడాలి.