డీఎస్సీ ఇంగ్లిష్: ధ్వని గుర్తులను డిక్షనరీతో నేర్చుకున్న తీరు

స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్‌కు సిద్ధమవుతున్న మిత్రులు చాలామంది ఫొనెటిక్స్ (ధ్వనిశాస్త్రం) అనగానే 12 శుద్ధ అచ్చులు, 8 డిఫ్తాంగ్‌లు (ఒక అచ్చు నుంచి మరో అచ్చుకు జారే ధ్వనులు), 24 హల్లులు, మొత్తం 44 ధ్వనులు అంటూ పట్టికను కంఠస్థం చేయడం మొదలుపెడతారు. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణకు ఆ లెక్క సరైనదే అయినా, పట్టిక నోటికి వచ్చినంత మాత్రాన పదాన్ని పలకడం రాదు. నాకు మేలు చేసిన పద్ధతి వేరు. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీలో రోజూ కొన్ని పదాలు తీసుకుని, గుర్తులను బట్టి ముందు పైకి పలికి, ఆ తర్వాతే ఆడియో వినేవాణ్ని. ముందే వింటే చెవిన పడినదాన్ని అనుకరిస్తాం తప్ప గుర్తును చదవం.

అన్నిటికన్నా ముందు ష్వా అనే బలహీనమైన పొట్టి అచ్చు మీద పట్టు సాధించండి. తలకిందులు చేసిన చిన్న బడి 'ఈ' అక్షరంలా ఉండే దీని గుర్తు ఊనిక (స్ట్రెస్, అంటే ఒత్తి పలకడం) లేని చోట్ల వస్తుంది. రాసిన అచ్చును రాసినట్టే నిండుగా పలకడం మన అలవాటు కనుక ఇది మనకు కష్టం. 'బనానా'లో మధ్య అచ్చు ఒక్కటే నిండుగా వినిపిస్తుంది. అటూ ఇటూ ఉన్నవి రెండూ ష్వాలే. అందుకే ష్వాను ఊనికతో కలిపి చదవాలి. ఊనికను చూపే చిన్న నిలువు గీత అది పడే సిలబుల్‌కు (ఒక్క ఊపులో పలికే పదభాగానికి) ముందు, పైభాగాన ఉంటుంది. మనం మొదట్లోనే ఒత్తి పలికే 'హోటల్', 'డెవలప్' పదాలకు ఊనిక నిజానికి రెండో సిలబుల్ మీద ఉంది. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి సిలబుల్ మీద, 'ఫొటోగ్రాఫర్'లో రెండోదాని మీద, 'ఫొటోగ్రాఫిక్'లో మూడోదాని మీద ఊనిక పడుతుంది. ఊనిక చోటు మారిన ప్రతిసారీ అచ్చులూ మారిపోతాయి. ఈ మూడింటినీ గుర్తులతో పక్కపక్కన రాసుకుంటే ఊనికకూ ష్వాకూ ఉన్న సంబంధం స్పష్టమవుతుంది.

గుర్తుల పక్కన తెలుగులో ఉచ్చారణ రాసుకోవద్దని గట్టిగా చెబుతాను. లోపల తొడుక్కునే వెస్ట్, పడమర అనే వెస్ట్ రెండూ మన లిపిలో ఒకటే. ఇంగ్లిష్‌లో మొదటిదానికి పైపళ్లు కింది పెదవిని తాకాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. అయితే తెలుగు చెవి సాయం చేసే చోటూ ఉంది. మాటల్లో 'వచ్చాడు' అన్నప్పుడు చాలామంది నోట 'చ్చా' దగ్గర వినిపించే అచ్చు ఆ కాదు, ఏ కాదు. 'క్యాట్'లోని అచ్చు దానికి దగ్గరగా, కాస్త పొట్టిగా ఉంటుంది.

చివర -ed చేరే భూతకాల రూపాల ప్రశ్నల్లో స్పెల్లింగును కాక క్రియలోని చివరి ధ్వనిని చూడండి. అది ట లేదా డ అయితే చివర 'ఇడ్' వస్తుంది. మిగిలినవాటిలో గొంతు మీద వేలు పెట్టినప్పుడు కంపనం తెలిస్తే 'డ్', తెలియకపోతే 'ట్'. 'లాఫ్' చివర ఏ అక్షరాలున్నా ధ్వని ఫ కనుక అక్కడ 'ట్' వస్తుంది.

డిక్షనరీని మాత్రం మధ్యలో మార్చకండి. 'బెడ్'లోని అచ్చుకే కొన్ని డిక్షనరీలు ఒక గుర్తును, మరికొన్ని ఇంకో గుర్తును వాడతాయి. 'గోట్'లోని డిఫ్తాంగ్ బ్రిటిష్ పద్ధతిలో ష్వాతో మొదలైతే, అమెరికన్ పద్ధతిలో ఓతో మొదలవుతుంది. రెండూ ఇచ్చిన చోట బ్రిటిష్ రూపాన్నే నోట్స్‌లోకి ఎక్కించుకోండి.