రష్యన్ ఐకన్: సుద్దపూత నుంచి ఒలీఫా దాకా (నా అనుభవం)

ఐకన్ అంటే చెక్కపలక మీద వేసే క్రైస్తవ పవిత్ర చిత్రం. అది వేయడమంటే బొమ్మ గీయడమే కదా అనిపిస్తుంది. నాకు పట్టిన మూడు నెలల్లో ముఖం మీద కుంచె పెట్టింది ఐదు రోజులే. మిగతాదంతా చెక్క, సుద్ద, ఆరే దాకా ఆగడం. నమూనాగా తీసుకున్నది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలో ఉన్న ‘బంగారు కురుల దేవదూత’. 12వ శతాబ్దానిది, వేసినవారి పేరు లేదు. పెద్ద కళ్ళు, చిన్న నోరు, జుట్టులో పాయపాయకీ సన్నటి బంగారు గీతలు.

రష్యాలో పలకకి ఎక్కువగా లిండెన్ చెక్క వాడతారు. మెత్తగా ఉంటుంది, జిగురు బాగా పీలుస్తుంది. నడిమి భాగాన్ని కాస్త లోతుగా చెక్కి చుట్టూ అంచు వదులుతారు. ఆ గుంట పేరు కొవ్చెగ్, అంటే మందసం. వెనకవైపు గాడి తీసి అడ్డపట్టీలు దూరుస్తారు, జిగురు పెట్టరు. చెక్క చెమ్మకి ఉబ్బినా ఎండకి తగ్గినా పట్టీ మీద జారాలి, కదలనీకుండా బిగిస్తే పలక చీలుతుంది. నాకు లిండెన్ దొరకలేదు. టేకులో నూనె ఉంటుంది, జిగురు పట్టదు. చివరికి 18 మి.మీ. బర్చ్ ప్లైవుడ్, 30×24 సెం.మీ. ముక్క తీసుకున్నాను. దానికి పట్టీలతో పని లేదు.

అసలు కష్టం లెవ్కాస్ దగ్గర. తెలుపు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరు ఇది. సరేసూ సుద్దా కలిపిన పూత. కుందేలు తోలు సరేసు 50 గ్రాములు 600 మి.లీ. చల్లటి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాను. 60 డిగ్రీలు దాటనివ్వకూడదు, మరిగితే జిగురులో పట్టు పోతుంది. ముందు పలకకి జిగురు ఒక్కటే రెండుసార్లు పూసి, తర్వాత పల్చటి నారగుడ్డని అదే జిగురులో ముంచి గాలి లేకుండా అరచేత్తో నొక్కాలి. ఈ గుడ్డని పావొలొక అంటారు. చెక్క కదిలినప్పుడు ఆ కదలిక సుద్ద దాకా పోకుండా అడ్డుపడేది ఇదే. మన చేర్యాల నకాషీ వాళ్ళూ గుడ్డకి సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టిస్తారు. కాకపోతే అది చుట్టేది, వంగాలి. ఇక్కడ పూత రాయిలా గట్టిపడాలి.

గుడ్డ ఒక రోజంతా ఆరాక సుద్ద కలపాలి. గోరువెచ్చటి జిగురు మీద మెత్తటి సుద్దపొడిని జల్లెడతో చల్లుతూ పోవాలి, గరిటె పెట్టి గిలకొట్టకూడదు. పొడి తనంతట తాను మునుగుతుంది. ఇక మునగకుండా పైన చిన్న దిబ్బలా నిలిస్తే సరిపోయినట్టు. అరగంట కదపకుండా ఉంచితే బుడగలు పోతాయి. నేను తొందరపడి కలియబెట్టాను. ఆరాక పలక నిండా సూదిమొన రంధ్రాలు, దోమలు కుట్టినట్టు.

మొదటి పూత చేత్తో రుద్దాలి. మిగతావి వెడల్పు కుంచెతో, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా, మొత్తం పది. కింది పూత తడి మెరుపు పోయి, ముట్టుకుంటే చల్లగా ఉన్నప్పుడే పైది వేయాలి. నా మొదటి పలక ఏడో పూత తర్వాత ఎండిన చెరువులా పగిలింది. కారణం తెలియడానికి రెండు రోజులు పట్టింది. గిన్నె పొద్దుట్నుంచీ వేడి మీదే ఉండటంతో నీళ్ళు ఆవిరైపోయి, పై పూతల్లో జిగురు శాతం పెరిగింది. కింద బలహీనంగా, పైన బలంగా ఉంటే ఎండేటప్పుడు పైది కింది దాన్ని లాగి చీలుస్తుంది. రెండోసారి గిన్నె మీద మూత పెట్టి, గంటకోసారి తగ్గిన మేరకి నీళ్ళు పోశాను. వానాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. పూత ఆరక ముందే జిగురు కంపు కొడుతుంది.

నాలుగు రోజులు ఆరబెట్టి 220, 320, 400 నంబర్ల ఉప్పు కాగితంతో రుద్దితే దంతంలా నునుపు తేలుతుంది. నమూనా గీతల్ని పలక మీదికి దించుకుని, సూదితో సన్నగా గీరాలి. రంగు కింద పోయినా గీరిన గీత వేలికి తగులుతుంది.

రంగుకి గుడ్డు. పచ్చసొనని అరచేతుల్లో అటూ ఇటూ దొర్లించి తెల్లసొన తుడిచేసి, పొరని రెండు వేళ్ళతో ఎత్తి, కింద సూదితో పొడిస్తే లోపలిది గిన్నెలోకి కారుతుంది, పొర చేతిలో మిగులుతుంది. అంతే కొలత డ్రై వైట్ వైన్ కలపాలి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు బాగానే ఉంటుంది. నీళ్ళతో నూరిన రంగుకి దాదాపు సమానంగా ఈ సొన కలిపి, గాజు ముక్క మీద పూసి ఆరాక బ్లేడుతో గీకాలి. పొరలా లేస్తే సరైన పాళ్ళు. పొడిగా రాలితే సొన తక్కువ, జిడ్డుగా మెరిస్తే ఎక్కువ.

ముందు బట్టలు, జుట్టు, నేపథ్యం, ఆఖరున ముఖం. పాలేఖ్, మ్స్త్యోరా ఊళ్ళ పనివాళ్ళు ఈ రెంటినీ పంచుకునేవారు. ముఖాలు వేసేవాడు ఒకడు, మిగతాదంతా వేసేవాడు ఇంకొకడు. అదే పాలేఖ్‌లో విప్లవం తర్వాత ఐకన్లకి గిరాకీ పోయి, 1924లో సహకార సంఘం పెట్టుకుని, అదే గుడ్డుసొనతో కాగితపు గుజ్జు డబ్బాల మీద జానపద కథలు వేయడం మొదలుపెట్టారు.

ముఖానికి మొదట సంకీర్ అనే ముదురు అడుగురంగు పూయాలి. ఓకర్ అనే పసుపు మట్టిరంగు, నలుపు, కాస్త ఆకుపచ్చ మట్టిరంగు కలిస్తే పాత ఆలివ్ రంగొస్తుంది. ముఖమంతా అదే పూసి చూస్తే జబ్బుమనిషిలా ఉంటుంది, కంగారు పడకండి. దాని మీద ఓకర్ మూడుసార్లు, ప్రతిసారీ కొంచెం లేతగా, కొంచెం తక్కువ చోట. కళ్ళ కింద, ముక్కు పక్కన, మెడ మీద సంకీర్‌ని అలాగే వదిలేస్తారు, నీడంటే అదే. పలకని బల్ల మీద పడుకోబెట్టి, రంగుని పల్చటి మడుగులా నిలబెట్టి కుంచె కొసతో అంచులకి లాగాలి. ఆరుతున్న మడుగుని మళ్ళీ ముట్టుకుంటే కింది పొర కూడా లేచొస్తుంది. నా దేవదూత ఎడమ చెంప మీద గోరంత మచ్చ అలా వచ్చిందే. చివరగా పెదవులకి ఎరుపు, కళ్ళ పక్కన, నుదుటి మీద తెల్లటి సన్న గీతలు.

జుట్టులో బంగారానికి వెల్లుల్లి రసం. పిండి వడగట్టి, సన్న కుంచెతో గీత గీసి, ఆరాక నోటి ఆవిరి ఊది, బంగారు రేకుని రొట్టె మెత్తటి భాగంతో అద్దితే గీత మీదే అంటుకుంటుంది. రంగు జిడ్డుగా ఉంటే మాత్రం రేకు కనిపించిన చోటల్లా అతుక్కుంటుంది, కాబట్టి ముందు సుద్దపొడి అద్ది దులపాలి.

నెలన్నర ఆగి ఒలీఫా పట్టించాను. ఉడికించిన అవిసె నూనె పలక మీద పోసి, అరచేత్తో పరుస్తూ, చిక్కబడ్డాక మిగిలింది తీసేయాలి. రంగులు ఒక్కసారిగా తడిసిన గులకరాళ్ళలా లేస్తాయి. రష్యన్ కళ చరిత్రలో చాలా తికమక ఈ నూనెతోనే వచ్చింది. ఎనభై, వందేళ్ళకి అది కొవ్వొత్తుల మసితో కలిసి నల్లబడుతుంది. కింద ఏముందో కనబడక పైన మళ్ళీ వేసేవారు. 1551లో మాస్కో చర్చి సభ, అంతకు ముందు శతాబ్దపు ఐకన్ చిత్రకారుడు అంద్రేయ్ రుబ్ల్యోవ్ వేసినట్టే వేయమని శాసించింది. ఆయన వేసిన ‘త్రిత్వం’ ఐకన్ మాత్రం లోహపు తొడుగు కింద, తర్వాతివాళ్ళ రంగుల కింద ఉండిపోయింది. 1904లో గుర్యానోవ్ అనే ఐకన్ చిత్రకారుడు శుభ్రం చేయడం మొదలుపెట్టాక అందులోని నీలం బయటపడింది. 1913లో మాస్కోలో శుభ్రం చేసిన ఐకన్ల పెద్ద ప్రదర్శన జరిగింది. రెండేళ్ళకి అమూర్త చిత్రకారుడు మలేవిచ్ పెట్రోగ్రాడ్‌లో (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) తన నల్ల చతురస్రాన్ని, ఇళ్ళలో ఐకన్ పెట్టే గది మూలపైనే వేలాడదీశాడు. ఐకన్‌ని ముసలమ్మల వ్యవహారంగా కొట్టేసేవాళ్ళు ఈ మూల సంగతి గమనించరు.

నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే నిప్పంటుకుంటాయి. నీళ్ళలో ముంచి పారేయండి. పలకని గోడవైపు తిప్పి ఏటవాలుగా ఆనించాను, దుమ్ము పడకూడదని. అయినా మూడు వెంట్రుకలు ఇరుక్కున్నాయి. తీయబోతే పొర లేస్తోంది, అలాగే వదిలేశాను.