కలడో లేడో అన్నవాడికే వచ్చాడు

కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్ని దిశలను
గలడు గలండనెడివాడు గలడో లేడో

పోతన భాగవతం అష్టమ స్కంధంలోని ఈ కంద పద్యాన్ని తెలుగువాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు. కష్టం వస్తే గజేంద్రమోక్షం పారాయణ చేసుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు నేర్చుకున్న పద్యం కాబట్టి గడగడా చదివేసి ముందుకు వెళ్లిపోతాం. కానీ ఒక్కసారి ఆగి చూడండి. దీనుల పక్కన ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. ఇంతమంది ఉన్నాడు, ఉన్నాడు అని చెప్పే ఆయన అసలు ఉన్నాడా, లేడా? హేతువాదుల సభలో వినిపించాల్సిన ఈ ప్రశ్నను మనం పూజగదిలో దీపం ముందు కూర్చుని చదువుతున్నాం.

ఈ అనుమానం కొత్తదేమీ కాదు. ఋగ్వేదం ఎనిమిదో మండలం నూరవ సూక్తంలోనే ఒకడు అడుగుతాడు: ఇంద్రుడు లేడంటున్నారు, ఆయన్ని చూసిందెవరు, మనం ఎవరిని స్తుతించాలి అని. ఆ మాటను వేదం దాచిపెట్టలేదు, కొట్టివేయలేదు. మంత్రాల మధ్యనే దానికి చోటిచ్చింది.

పోతన చేసింది ఇంకా పెద్ద సాహసం. సంస్కృత భాగవతంలో గజేంద్రుడి స్తోత్రం అష్టమ స్కంధం మూడో అధ్యాయంలో ఉంది. అది చాలా గంభీరమైన వేదాంతం. అందులో ఎక్కడా "ఉన్నాడో లేడో" అనే మాట రాదు. ఆ మాట బమ్మెర పోతనామాత్యుడిది. తన చేత భాగవతం పలికించేది రామభద్రుడే అని చెప్పుకున్న మహాభక్తుడు, ప్రాణం పోయే వేళ ఏనుగు నోట ఇంత అనుమానాన్ని ఎందుకు పలికించాడు? నాస్తికుడికి దేవుడి మీద నమ్మకం ఎలా కలుగుతుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ పద్యాన్నే. ముఖ్యంగా, పోతన దీన్ని ఏ చోట పెట్టాడో చూడమంటాను.

మడుగులోకి దిగిన ఏనుగు రాజు గజేంద్రుడి కాలు మొసలి పట్టుకుంది. పట్టు వదలదు. వెయ్యేళ్ల పోరాటంలో మొసలి బలం పెరుగుతుంటే ఏనుగు బలం తగ్గిపోతుంటుంది. "ఏ రూపంబున దీని గెల్తు, నిటమీ దేవేల్పు జింతింతు" అని గజేంద్రుడు తనలో తాను అనుకుంటాడు. ఏ వేల్పును తలచుకోవాలో కూడా తెలియని స్థితి. తరువాత "ఎవ్వనిచే జనించు జగము" అని మొదలుపెడతాడు. లోకాలు, లోకేశులు, లోకస్థులు అందరూ అంతమైపోయాక పెంజీకటికి అవ్వల ఒంటరిగా వెలిగేవాడెవడో అతణ్ని సేవిస్తానంటాడు. తెలుగులో ఇంతకన్నా ఎత్తుకు వెళ్లిన భావం నాకు తెలియదు. అంత ఎత్తుకు వెళ్లినవాడే కొద్ది పద్యాల తరువాత కింద పడిపోతాడు. ఎందుకంటే తత్త్వం తెలిసినంత మాత్రాన మొసలి కాలు వదలదు. అప్పుడు వస్తుంది ఈ "కలడో లేడో".

ఆ వెంటనే ఆకాశం నుంచి ఏ మాటా వినపడలేదు. దేవుడున్నాడని తేల్చే యుక్తి ఏదీ ఏనుగుకు తట్టలేదు. ప్రశ్న ప్రశ్నగానే మిగిలిపోయింది. అయినా కొద్దిసేపటికే "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె" అని తన స్థితి చెప్పుకుని, "నీవే తప్ప నితఃపరం బెరుగ" అంటాడు. రావే ఈశ్వరా, కావవే వరదా అని పిలుస్తాడు. సందేహించినంత సేపూ దేవుడు ఎవరో దూరంగా ఉన్న "వాడు". ఇప్పుడు ఎదురుగా ఉన్న "నీవు" అయ్యాడు. నా దృష్టిలో నాస్తికుడి దారిలో నిజమైన మలుపు ఇదే. తలుపు కొట్టేవాడికి లోపల మనిషి ఉన్నాడని ముందే రుజువు అక్కర్లేదు. ఉంటే పలుకుతాడేమో అన్నపాటి ఆశ చాలు.

దేవుడి గురించి ఎంతసేపు మాట్లాడినా అది చర్చే. దేవుడితో ఒక్క మాట మాట్లాడితే, అనుమానంతో మాట్లాడినా సరే, అది ప్రార్థన. ఈ తేడా మన భక్తులకే సరిగ్గా అందలేదనిపిస్తుంది. నమ్మని తమ్ముడికి, బావకి అద్భుతాల వీడియోలు పంపిస్తాం. విగ్రహం కళ్లు తెరిచిందనీ, ఫలానా గుడి ముందు సైన్సు ఓడిపోయిందనీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తాం. వాటిలో ఒకటి అబద్ధమని తేలితే ఆ మనిషి మనకు ఇంకో నాలుగు అడుగులు దూరమవుతాడు. సత్యస్వరూపుడని కొలిచే దేవుడి తరఫున అబద్ధాలు పంచడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

గజేంద్రుడు నాస్తికుడు కాడు కదా అనవచ్చు. నిజమే. పూర్వజన్మలో ఆయన ఇంద్రద్యుమ్నుడనే పాండ్య రాజు, విష్ణుభక్తుడు, అగస్త్యుడి శాపం వల్ల ఏనుగై పుట్టాడు. ఆ జన్మలో నేర్చుకున్న జపమే ఇప్పుడు నోటికి వచ్చిందని వ్యాసుడు చెబుతాడు. దశలక్షకోటి ఆడ ఏనుగులకు నాథుడై అడవిలో తిరిగినంత కాలం అది గుర్తు లేదు. ఇక్కడ మన కాలపు నాస్తికులకు దగ్గరగా ఉన్నదేదో కనిపిస్తుంది నాకు. నమ్మకం లేదనే మనిషి లోపల కూడా అమ్మమ్మ పాడిన కీర్తనో, నాన్న చదివిన దండకమో ఒక మూల ఉండిపోతుంది. మా ఊళ్లో హేతువాదినని బాహాటంగా చెప్పుకునే తెలుగు మాస్టారు ఉండేవారు. గజేంద్రమోక్షం పాఠం చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. అది కవిత్వం మీద ప్రేమే అనేవారు. ఆ మాటను నేను గౌరవిస్తాను. ఆ ప్రేమను వెంటనే భక్తి ఖాతాలో రాసేసుకునే హక్కు నాకు లేదు.

ఇక అసలైన ఆక్షేపణ ఒకటుంది. ప్రాణం మీదకు వచ్చాక పుట్టిన భక్తి భయమే కదా, దానికేం విలువ అని. దీనికి రెండు జవాబులు ఉన్నాయి. గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు తనను భజించేవాళ్లు నాలుగు రకాలంటూ ఆర్తుణ్నే ముందు చెప్పాడు. ఆర్తుడంటే కష్టంలో ఉన్నవాడు. ఆ తరువాత తెలుసుకోవాలనుకునే జిజ్ఞాసువు, సంపద కోరే అర్థార్థి, జ్ఞాని. జ్ఞాని తన ఆత్మే అంటూనే, "ఉదారాః సర్వ ఏవైతే" అన్నాడు. అందరూ ఉత్తములే. కష్టంలో పిలిచినవాణ్ని భగవంతుడు తక్కువ చేయనప్పుడు మనం చేయడం ఎందుకు?

రెండోది గజేంద్రుడే చెప్పాడు. సంస్కృత భాగవతంలోని "జిజీవిషే నాహమిహ" అనే శ్లోకంలో, ఈ ఏనుగు బతుకు బతకాలని నాకు లేదంటాడు. లోపలా బయటా అజ్ఞానం కప్పేసిన ఈ జన్మతో పనేమిటి, ఆత్మజ్యోతిని కప్పిన ఆ పొర తొలగితే చాలు అంటాడు. మొసలి నోట్లో కాలున్నవాడు అడిగిన కోరిక అది! పిలుపు భయంతోనే మొదలైంది, కాదనను. కానీ పిలుస్తూ పిలుస్తూ ఉండగా భయాన్ని దాటిపోయింది.

అందరూ భయం ద్వారానే రారు. తరువాత వివేకానందుడైన నరేంద్రుడు "మీరు దేవుణ్ని చూశారా" అని అడుగుతూ తిరిగాడు. చూశాను, నిన్ను చూస్తున్నట్టే, ఇంకా స్పష్టంగా అని శ్రీరామకృష్ణులు చెబితే ఆ మనిషి దగ్గర ఆగాడు. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి పరీక్షిస్తూనే ఉన్నాడు. మన చలం, ఆచారాలన్నిటి మీదా తిరగబడ్డ రచయిత గుడిపాటి వెంకటచలం, 1950లో అరుణాచలం చేరి 1979లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. తిరగబడ్డ మనసుకు ఆ కొండ దగ్గర ఏం దొరికిందో మన వాదనలతో కొలవలేం.

పిలిచినా ఎవరూ రాని వాళ్ల సంగతి? బిడ్డను పోగొట్టుకున్న తల్లి నన్ను ఈ ప్రశ్న అడిగితే, కర్మ అని జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు. అలా చెప్పకూడదు కూడా. అంతకాలం ఆగి అప్పుడే ఎందుకు వచ్చాడో పోతన కూడా వివరించలేదు. వచ్చినప్పటి తొందరనే వర్ణించాడు: సిరికి చెప్పలేదు, శంఖచక్రాలు చేతికి తీసుకోలేదు. ఆ తల్లి కోపంతో దేవుడు లేడన్నా, ఆ కోపం కూడా ఎవరినో ఉద్దేశించిందే అని నేను లోపల నమ్ముతాను. ఆమెతో మాత్రం అనను.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మరొకటి ఉంది. గజేంద్రుడు ఏ దేవుడి పేరుతోనూ కట్టుబడి పిలవలేదు. సర్వానికీ మూలమైనవాడు ఎవడో వాడు రావాలన్నాడు. బ్రహ్మాదులు ఆ మొర విన్నారు, కానీ "విశ్వమయత లేమి" ఊరకే ఉండిపోయారని పోతన అంటాడు. విశ్వమంతా తానైనవాడే అడ్డపడటానికి బయలుదేరాడు. పేరు సరిగ్గా చెప్పలేదని, అనుమానించావని ఆయన నిలదీయలేదు.

మరి నమ్మకుండానే మంచిగా బతికినవాళ్లు? గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు గారు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అంటరానితనంతో జీవితమంతా పోరాడారు. గాంధీజీ ఆయనతో దేవుడి గురించి మాట్లాడి, నా ఆస్తికత్వం సరైనదనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, మనిద్దరం సత్యాన్ని వెతికేవాళ్లమే అన్నారు. రోజూ ప్రార్థన చేసిన మనిషి ఆ మాట అన్నాడు. ఇంట్లో నాస్తికుడైన కొడుకు ఉన్నాడని టెన్షన్ పడే తల్లిదండ్రులకు నేను చెప్పేది కూడా ఇంతే. అతనితో నిజాయితీగా ఉండండి, మీ పూజ మీరు ప్రేమగా చేసుకోండి, అతన్ని మార్చే పని మీ మీద వేసుకోకండి.

నమ్మకం లేకుండా ఇక్కడిదాకా చదివినవాళ్లుంటే ఒక చిన్న మనవి. "ఏ రూపంబున దీని గెల్తు" దగ్గర మొదలుపెట్టి "లావొక్కింతయు" దాకా పద్యాలన్నీ వరసగా, గొంతెత్తి చదవండి. అర్థం తెలియని చోట తాత్పర్యం చూసుకోండి. "కలడో లేడో" దగ్గర మీ అనుమానాన్ని దాచుకోకుండా చదవండి. ఆ తరువాతి పద్యాలు కూడా వదిలేయకండి.